పూటకూళ్ళమ్మ ఇరవై రూపాయలు

శ్రోతలకు నమస్కారం.

తెర లేచింది. విజయనగరంలో బొంకులదిబ్బ. గిరీశం ఒక్కడే వస్తాడు. 'సాయంకాలమైంది' అంటాడు. ఆ మరుమాటే తన బండారం తానే బయటపెడతాడు. పూటకూళ్ళమ్మకు సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి, మేజువాణీల దారిలో ఖర్చుపెట్టేశాడట. పొద్దున్నే ఆవిడతో యుద్ధమూ అయిందట. ఇక ఈ ఊళ్ళో నిలవడం కష్టం. శిష్యుడు వెంకటేశానికి సెలవుల్లో చదువు చెప్పే మిషతో వాళ్ళ అగ్రహారానికి ఉడాయిస్తే సరి!

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' సంగతి చెబుతున్నాను. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి తిరగరాశారు. చరిత్ర ఇంతటితో చాలు. నా ధ్యాసంతా ఆ ఇరవై రూపాయల మీదే ఉంది.

ఎవరివి ఆ ఇరవై రూపాయలు? ఊరివాళ్ళకు వండిపెట్టి బతికే ఒక వితంతువువి. ఎవరు మింగారు? రేపు వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచబోయే పెద్దమనిషి! ఆడపిల్లను అమ్ముకునే తండ్రి ఇల్లు మనకు రెండో అంకంలో గాని కనబడదు. కానీ ఆడవాళ్ళ కష్టం, దాని మీద బతికే మగవాళ్ళు, పైకి సంస్కరణ కబుర్లు, అన్నీ ఆ ఇరవై రూపాయల్లోనే ఉన్నాయి.

ఇంతలో వెంకటేశం వస్తాడు. మీ దగ్గర నాకు చుట్ట కాల్చడం ఒక్కటే వచ్చిందని నిష్ఠూరమాడతాడు. గిరీశం తడుముకోడు. తనతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్ అంటాడు! ఎన్నిసార్లు చదివినా నాకు నవ్వు ఆగదు. వాడు దొంగ అని తెలుసు. తెలిసే నవ్వుతాం. గురజాడ మనకు పెట్టిన పరీక్ష అదేనని నా అనుమానం.

ఒంటరిగా ఉన్నప్పుడు నిజం, మనిషి కనబడగానే అబద్ధం. ఆ నిజం విన్నది మనమే. నాటకంలోని వకీలు సౌజన్యారావు పంతులుగారికి గిరీశం అసలు రంగు తెలియడానికి ఏడో అంకం దాకా పట్టింది.

నాటకం వేసే మిత్రులకు ఒక్క మనవి. నిడివి ఎక్కువని చాలామంది మొదట కత్తెర వేసేది ఈ స్వగతానికే. వేయకండి. కోటూ, చుట్టా చూపించి హాస్యగాడిలా పరుగెత్తించకండి. ముందు పూటకూళ్ళమ్మ పేరు, ఆ తరవాత ఇరవై రూపాయలు, చివరి వరుసలో కూర్చున్నవాళ్ళకు కూడా స్పష్టంగా వినబడనివ్వండి. వెంకటేశాన్ని ఆ తరవాతే రంగం మీదికి పంపండి.