సింగిల్ షాట్ రైఫిల్ కొనేముందు: డబ్బు ఎక్కడ పెట్టాలి?

[తెర మీద: 50 మీటర్ల టార్గెట్ కాగితం. కెమెరా నడిమి వలయం దగ్గరికి వెళ్తుంది]

ఈ కాగితం నడుమ ఉన్న పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ పోటీల్లో 50 మీటర్ల రైఫిల్‌కి వాడే టార్గెట్ ఇది. బుల్లెట్ రంధ్రం అంచు ఆ వలయాన్ని తాకినా పదే. ఇందులో వాడే చిన్న .22 తూటా నుంచి ఎగిరే సీసపు ముక్క, అంటే బుల్లెట్, వ్యాసం దాదాపు 5.6 మిల్లీమీటర్లు. ఈ రెండూ కలిపి చూస్తే, రంధ్రాల కేంద్రాలన్నీ 16 మిల్లీమీటర్ల వృత్తంలో పడితే చాలు, ప్రతి షాటూ పదే.

సింగిల్ షాట్ రైఫిల్, అంటే తూటాలు నింపి ఉంచే మ్యాగజైన్ లేకుండా ఒక్కో తూటా చేత్తో పెట్టుకునేది, వెతకడం మొదలుపెట్టే ముందు ఈ 16ని గుర్తు పెట్టుకోండి. "బాగా యాక్యురేట్ రైఫిల్ కావాలి" అని బయల్దేరితే ఖర్చుకి అంతు ఉండదు. ఎంత యాక్యురసీ సరిపోతుందో తెలిస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఆ 16 మిల్లీమీటర్లనూ రైఫిలే తినేస్తే మీ ఊపిరికీ, చేతి కదలికకీ, గాలికీ చోటు మిగలదు. అందుకని కదలని ఆధారం (రెస్ట్) మీద ఆనించి కాల్చినప్పుడు పది షాట్లను 10 నుంచి 12 మిల్లీమీటర్లలో పెట్టే రైఫిల్ కోసం చూడండి. అంతకంటే చిన్న గ్రూపులకి, అంటే వరుస షాట్ల రంధ్రాలు ఇంకా దగ్గరగా పడటానికి, పెట్టే డబ్బు క్లబ్ స్థాయిలో మీ స్కోరుని పెద్దగా పెంచదు. అదే డబ్బు తూటాలకి పెడితే పెంచుతుంది. ఈ వీడియోలో నేను చెప్పబోయేదంతా ఈ మాట చుట్టూనే.

[తెర మీద: బోల్ట్ తెరిచిన సింగిల్ షాట్ రైఫిల్, చాంబర్‌లో రంగు జెండా]

ముందు భద్రత. తుపాకీ చేతికి వచ్చిన ప్రతిసారీ గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్ట్ తెరిచి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూడాలి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. అమ్మేవాళ్లు "ఖాళీదే" అన్నా సరే. గొట్టం మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్‌కి బయటే. .22 చప్పుడు చిన్నదిగా అనిపించినా చెవులకీ కళ్లకీ రక్షణ తప్పదు. లైసెన్సు, నిల్వ, రవాణా నియమాలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి బేరం మొదలుపెట్టే ముందే అవి తెలుసుకోండి. సింగిల్ షాట్‌లో ఒక మేలు ఉంది. మ్యాగజైన్ లేదు కాబట్టి చాంబర్ ఖాళీ అయితే రైఫిల్ ఖాళీయే. కొత్తవాళ్ల చేతికి దీన్నే ముందు ఇచ్చే కోచ్‌లు ఉన్నది అందుకే.

ఇక అసలు ప్రశ్న. ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకునే రైఫిల్ ఎందుకు?

మ్యాగజైన్ కోసం రిసీవర్ (గొట్టం వెనక, బోల్ట్ ఉండే లోహపు భాగం) అడుగున పెద్ద కోత పెట్టాలి. ఆ కోత లేకపోతే రిసీవర్ గట్టిగా ఉంటుంది, భుజానికి ఆనించే స్టాక్‌లో కదలకుండా కూర్చుంటుంది. రెండో కారణం .22 షూటర్లకి మరీ ముఖ్యం. ఆ బుల్లెట్ మెత్తని సీసం. మ్యాగజైన్ నుంచి ఎగబాకి చాంబర్‌లోకి వెళ్లేటప్పుడు దాని ముక్కు ఎక్కడో రాసుకుంటుంది. చేత్తో పెడితే ఆ గాటు ఉండదు. మూడోది, నాకు ఎక్కువ విలువైనది: ఒక్కో షాట్ మధ్య చెయ్యి తీసి, తూటా పెట్టి, మళ్లీ భుజానికి ఆనించుకోవాలి. తొందర తగ్గుతుంది. ప్రతి షాటూ మొదటి షాట్ అవుతుంది.

కానీ సింగిల్ షాట్ అయినంత మాత్రాన యాక్యురేట్ అయిపోదు. నాసి గొట్టం, బరువైన ట్రిగ్గర్ ఉన్న సింగిల్ షాట్ కంటే మంచి గొట్టం ఉన్న మ్యాగజైన్ రైఫిల్ నయం. సీజెడ్ 457 లాంటి మ్యాగజైన్ రైఫిళ్లకి మ్యాగజైన్ చోట పెట్టుకునే సింగిల్ షాట్ అడాప్టర్లు దొరుకుతాయి. తూటాని ఆ పళ్లెం మీద పెట్టి బోల్ట్ నెట్టడమే. చేతిలో అలాంటి రైఫిల్ ఉంటే ఇంకోటి కొనక్కర్లేదు.

[తెర మీద: మూడు రకాల యాక్షన్ల బొమ్మలు, ఒకదాని తర్వాత ఒకటి]

సింగిల్ షాట్‌లో యాక్షన్లు, అంటే తూటా పెట్టడానికి వెనక భాగాన్ని తెరిచి మూసే యంత్రాంగాలు, ముఖ్యంగా మూడు. బోల్ట్ ఒకటి. లివర్ కిందికి లాగితే వెనక దిమ్మ దిగే ఫాలింగ్ బ్లాక్ రెండోది. మధ్యకి మడిచి తెరిచే బ్రేక్ యాక్షన్ మూడోది.

ఫాలింగ్ బ్లాక్ అందమైన యంత్రం. దాని చరిత్ర కూడా గొప్పదే. 1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ రేంజ్‌లో ఐర్లండ్ జట్టుకీ అమెరికా జట్టుకీ 800, 900, 1000 గజాల పోటీ జరిగింది. ఐరిష్ షూటర్లు మూతి నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్లతో వచ్చారు. అమెరికన్ల చేతుల్లో ఉన్నవి వెనక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ సింగిల్ షాట్‌లు. షార్ప్స్‌ది ఈ దిగే దిమ్మే, రెమింగ్టన్‌ది వెనక్కి దొర్లే దిమ్మ. అమెరికా 934, ఐర్లండ్ 931. ఐరిష్ షూటర్ ఒకరు పక్క టార్గెట్ నడుమ గురి తప్పకుండా కొట్టారు. వేరే టార్గెట్ కాబట్టి దానికి సున్నా వేశారు. మూడు పాయింట్ల తేడాలో ఆ షాట్ ఎంత బరువైనదో చూడండి.

అయినా డబ్బు లెక్క చూసుకుని కొనేవాళ్లకి ఫాలింగ్ బ్లాక్‌నీ బ్రేక్ యాక్షన్‌నీ నేను మొదట సూచించను. వీటి స్టాక్ రెండు ముక్కలుగా ఉంటుంది. ముందు ముక్క చాలా రైఫిళ్లలో గొట్టానికే బిగించి ఉంటుంది. రెస్ట్ మీద ఆనించే చోటు మారినా, గొట్టం వేడెక్కినా దాని మీద ఒత్తిడి మారుతుంది, గ్రూపు పక్కకి జరుగుతుంది. సరిచేయలేనిది కాదు. కానీ దానికి ఓపికా పనివాడూ కావాలి. బోల్ట్ రైఫిల్‌లో గొట్టం స్టాక్‌ని తాకకుండా గాలిలో ఉండేలా అమర్చడం తేలిక. మొదటి రైఫిల్‌కి బోల్ట్ యాక్షనే నా ఎంపిక.

[తెర మీద: .22 తూటా, పక్కనే .223, .308]

తూటా రకం విషయంలో తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. 50, 100 మీటర్ల రేంజ్ అయితే .22 లాంగ్ రైఫిల్. 1887 నుంచి ఉన్న తూటా. రీకాయిల్ (వెనక్కి తన్నడం) దాదాపు లేనట్టే, గొట్టం అరుగుదల చాలా నెమ్మది, పెట్టె ధర .223, .308 లాంటి సెంటర్‌ఫైర్ (పిన్ అడుగు మధ్యలో కొట్టే) తూటాలతో పోలిస్తే చాలా తక్కువ. మీ రేంజ్ 300 మీటర్లు దాటితే .223 లేదా .308 చూడండి. .223లో బుల్లెట్‌ని తిప్పే గొట్టం లోపలి గాడుల మెలిక తప్పకుండా అడగాలి. 12 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే గొట్టం 55 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలిచే ప్రమాణం) బుల్లెట్‌ని బాగా తిప్పుతుంది. పొడవైన 77, 80 గ్రెయిన్ల బుల్లెట్లకి 8 లేదా 7 అంగుళాల మెలిక కావాలి. సింగిల్ షాట్ కాబట్టి మ్యాగజైన్ పొడవుకి కట్టుబడకుండా బుల్లెట్‌ని కాస్త బయటికి కూర్చోబెట్టుకోవచ్చు. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లకి అది పెద్ద వెసులుబాటు.

.22లో వేగం విషయం చాలామందిని పొరబాటు పట్టిస్తుంది. పెట్టె మీద "హై వెలాసిటీ" అని ఉంటే మంచిదనుకుంటారు. టార్గెట్ పనికి అది తప్పు. మ్యాచ్ తూటాలు సెకనుకి సుమారు 320 నుంచి 330 మీటర్ల వేగంతో, అంటే ధ్వని వేగానికి కొంచెం దిగువన బయల్దేరతాయి. ధ్వనిని దాటి బయల్దేరిన బుల్లెట్ దారిలో ఎక్కువ వేగం కోల్పోతుంది. పక్కగాలికి ఎంత కొట్టుకుపోతుందనేది ఆ కోల్పోయినదాన్ని బట్టే ఉంటుంది. అందుకే 100 మీటర్ల దగ్గర వేగమైన .22 తూటానే గాలికి ఎక్కువ జరుగుతుంది.

వేగం ఎంతన్నది కాదు, తూటా తూటాకీ ఒకేలా ఉందా అన్నదే ముఖ్యం. రెండు తూటాల మధ్య సెకనుకి 10 మీటర్ల తేడా ఉందనుకోండి. 50 మీటర్ల దగ్గర అవి నిలువుగా దాదాపు 7, 8 మిల్లీమీటర్ల ఎడంతో పడతాయి. మన దగ్గర ఉన్న 16లో సగం పోయినట్టే. ఏ ఖరీదైన గొట్టమూ దాన్ని వెనక్కి తేలేదు.

[తెర మీద: ట్రిగ్గర్ దగ్గరి దృశ్యం, వేలాడదీసిన బరువుతో కొలవడం]

ఇప్పుడు ట్రిగ్గర్. నాలుగు కిలోల రైఫిల్‌ని కదలకుండా పట్టుకుని, రెండున్నర కిలోల బలంతో వేలు లాగితే ఏమవుతుంది? గురి కదులుతుంది. ఎంత మంచి గొట్టమైనా ఆ కదిలిన చోటికే పంపుతుంది. రేంజ్ రైఫిల్‌కి కిలో, కిలోన్నర లోపు ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది. బరువు కంటే ముఖ్యం, అది ఎక్కడ విడుదల అవుతుందో మీకు ప్రతిసారీ ఒకేలా తెలియాలి. జారుతూ జారుతూ ఎప్పుడో పేలే ట్రిగ్గర్ వద్దు. సర్దుబాటు స్క్రూ ఉన్నదే తీసుకోండి. కానీ ఆ స్క్రూని తయారీదారు చెప్పిన హద్దు దాటి వదులు చేయొద్దు. బోల్ట్ గట్టిగా మూసినా, స్టాక్ వెనక చివర చిన్న తట్టు తగిలినా పేలిపోయే ట్రిగ్గర్ ప్రమాదం.

తక్కువ ఖర్చులో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? నా సమాధానం: క్లబ్‌లలో వాడిన పాత టార్గెట్ రైఫిల్. జర్మనీలోని ఆన్‌షుట్జ్ వాళ్ల 54 యాక్షన్ అగ్రశ్రేణి పోటీలది. అదే కంపెనీ 64 యాక్షన్ ధర తక్కువ, తేలిక, క్లబ్ స్కోర్లకి పూర్తిగా సరిపోతుంది. వాల్తర్, ఫైన్‌వర్క్‌బావ్ పాత మోడళ్లూ ఇదే కోవ. బర్మింగ్‌హామ్‌లో తయారైన బీఎస్ఏ మార్టినీలు కూడా అక్కడక్కడ కనిపిస్తాయి. యాక్యురసీ బాగుంటుంది, కింద లివర్ కాబట్టి ఎడమచేతి వాటం వాళ్లకీ ఇబ్బంది లేదు, కానీ విడిభాగాలు వెతుక్కోవాలి. కొత్తదే కావాలంటే సావేజ్ మార్క్ 1 లాంటి సాదా సింగిల్ షాట్ బోల్ట్ రైఫిల్ మంచి ఆరంభం.

.22 గొట్టం అంత త్వరగా అరగదు కాబట్టే పాతది కొనమంటున్నాను. పాత రైఫిల్‌ని పాడుచేసేది సాధారణంగా కాల్పులు కాదు. తుప్పు, మోటు శుభ్రం, అజాగ్రత్త.

[తెర మీద: బోల్ట్ తీసేసి గొట్టంలోంచి వెలుతురు చూడటం]

బోల్ట్ తీసి, గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి చూడండి. లోపల ఎక్కడైనా ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే, లోపల ఏదో అడ్డుపడి ఉండగా కాల్చడంతో గొట్టం ఉబ్బింది. ఆ రైఫిల్ వదిలేయండి. తర్వాత గొట్టం మూతి. బుల్లెట్ చివరిగా విడిచేది ఆ అంచునే. అక్కడ చిన్న నొక్కు ఉన్నా వాయువు ఒక పక్కకి ముందు తన్నుకొస్తుంది, బుల్లెట్ ఒరుగుతుంది. దూది చుట్టిన పుల్లతో ఆ అంచు చుట్టూ మెల్లగా తుడవండి. దూది పోగులు చిక్కుకున్న చోట గాటు ఉన్నట్టు. మూతిని మళ్లీ చెక్కించుకోవచ్చు, కాబట్టి ఇది రైఫిల్‌ని వదిలేసే లోపం కాదు, ధర తగ్గించమని అడిగే లోపం. చాంబర్ అంచు కూడా చూడండి. .22 ఫైరింగ్ పిన్ కొట్టేది తూటా అంచునే. తూటా లేకుండా పదేపదే ట్రిగ్గర్ నొక్కితే కొన్ని రైఫిళ్లలో పిన్ చాంబర్ అంచుకే తగిలి సొట్ట పడుతుంది. అప్పుడు తూటా బిగుతుగా వెళ్తుంది, కాల్చాక ఖాళీ గుల్ల బయటికి రాక మొరాయిస్తుంది.

వెనకా ముందూ ఉండే రంధ్రపు సైట్లు రైఫిల్‌తో కలిపి ఇస్తున్నారా అని అడగండి. విడిగా కొంటే అవే బేరాన్ని తలకిందులు చేస్తాయి. స్కోప్ పెట్టుకునేవాళ్లు పారలాక్స్ (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనిపించడం) సర్దుబాటు 50 మీటర్లకి దిగుతుందో లేదో చూసుకోవాలి. చాలా స్కోప్‌లు 100 గజాలకి స్థిరపరిచి వస్తాయి. 50 దగ్గర కన్ను కాస్త పక్కకి జరిగినా గురి జరిగినట్టు కనిపిస్తుంది. ఇక స్టాక్ పొడవు. భుజానికి పెట్టుకుని కళ్లు మూసి, తెరవండి. మెడ చాచకుండానే సైట్ ఎదురుగా ఉండాలి. వెనక ప్లేటూ చెంప ఆనే చెక్కా సర్దుబాటైతే ఇంకా మంచిది.

[తెర మీద: ఒకే రైఫిల్‌తో కాల్చిన 3 షాట్ల గ్రూపు, 10 షాట్ల గ్రూపు పక్కపక్కన]

అమ్మేవాళ్లు చూపించే కాగితం మీద ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెట్టండి. మూడే ఉంటే నమ్మకండి. షాట్లు పెరిగేకొద్దీ గ్రూపు పెరుగుతుంది. అది లోపం కాదు, గణితం. 3 షాట్ల గ్రూపులు సగటున 10 మిల్లీమీటర్లు ఇచ్చే రైఫిల్, అదే తూటాతో 10 షాట్ల గ్రూపులు సగటున 16 మిల్లీమీటర్ల దగ్గర ఇస్తుంది. మూడు షాట్లతో అద్భుతంగా కనిపించిన రైఫిల్ పది షాట్లకి మన హద్దుని మొత్తం తినేసింది. పది షాట్లు కాల్చనివ్వమని అడగండి, వీలైతే రెండుసార్లు.

గ్రూపు చెదిరితే వెంటనే గొట్టాన్ని నిందించకండి. రిసీవర్‌ని స్టాక్‌కి పట్టి ఉంచే స్క్రూలు చూడండి. వదులైన స్క్రూ ఒక్కటి చాలు గ్రూపు రెట్టింపు కావడానికి. బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పినంత బిగించి మళ్లీ కాల్చండి.

రైఫిల్ ఇంటికి వచ్చాక తూటాల వెతుకులాట మొదలవుతుంది. ఇక్కడ ఓపిక పడితే బోలెడు డబ్బు మిగులుతుంది. ప్రతి .22 గొట్టానికీ ఒక ఇష్టం ఉంటుంది, అది ధర చూసి రాదు. లాపువా .22 తూటాలూ, అంతకంటే తక్కువ ధర ఎస్‌కే తూటాలూ జర్మనీలోని షోనెబెక్‌లో ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. చాలా గొట్టాలు ఆ తక్కువ ధరవాటితోనే క్లబ్ పోటీకి కావలసిన గ్రూపులు పెడతాయి. నాలుగైదు రకాలు ఒక్కో పెట్టె తెచ్చుకోండి. రకం మార్చినప్పుడల్లా ముందు పది, పదిహేను షాట్లు వదిలేయండి. గొట్టంలో పాత తూటాల మీది మైనం పోయి కొత్తది పరుచుకోవాలి. ఆ తర్వాత పడిన గ్రూపులనే కొలవండి. మీ రైఫిల్‌కి నచ్చినది తేలగానే పెట్టె మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటి గుర్తు) చూసి, అదే నంబరువి మీ జేబు ఒప్పుకున్నన్ని ఒకేసారి కొనేయండి. పేరు అదే అయినా వేరే లాట్ వస్తే మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి.