పన్నెండు పేపర్లు, ఒకే సాక్షి

వ్యాఖ్యాత: వరంగల్ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం సార్. నేను ఫార్మకాలజీలో, అంటే మందుల శాస్త్రంలో, పీహెచ్‌డీ చేస్తున్నాను. నా సమీక్షా అధ్యాయంలో ఒక వాక్యానికి ఆధారంగా పన్నెండు పరిశోధనా పేపర్లు చూపించాను. తీరా తెరిచి చదివితే, వాటిలో పదకొండు ఆ పన్నెండో పేపరునే సైట్ చేశాయి, అంటే ఆధారంగా చూపించాయి. అదేమో తొమ్మిది ఎలుకల మీద చేసిన పాత ప్రయోగం. దానికి విరుద్ధమైన ఫలితాలతో రెండు పేపర్లున్నా వాటిని ఎవరూ పట్టించుకోలేదు. మా గైడ్ గారు, “అందరూ ఒప్పుకున్నదాన్ని ఇప్పుడు కెలకడం ఎందుకమ్మా?” అంటున్నారు.

నిపుణుడు: మీ దగ్గరున్నది ఒక్క సాక్షేనమ్మా, మిగతా పదకొండు మందీ విన్నమాట చెప్పినవారే. ఇలాంటిదే ఒకటి చెప్తాను. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో పోర్టర్, జిక్ అనే ఇద్దరు ఐదు వాక్యాల లేఖ ఒకటి ప్రచురించారు. ఆసుపత్రిలో చేరి, నల్లమందు జాతి మందులు కనీసం ఒకసారి తీసుకున్న 11,882 మంది రికార్డుల్లో, అంతకుముందు వ్యసనం లేనివారిలో నలుగురికే అది పట్టుకున్నట్టు కనిపించిందని అందులో ఉంది. ఆ మందులను ఇంటి దగ్గర నెలల తరబడి వాడేవారి ఊసే లేదు. 2017లో కెనడా పరిశోధకులు లెక్క తీస్తే, ఆ లేఖను 608 సార్లు సైట్ చేసినట్టు తేలింది. వారిలో 72 శాతం మంది ‘వ్యసనం అరుదు’ అనడానికి దాన్నే ఆధారం చేసుకోగా, 80 శాతానికి పైగా ‘ఆసుపత్రిలో చేరిన’ అన్న మాటనే వదిలేశారు. ఆ లేఖ ఒక పేజీ కూడా ఉండదు, అయినా చదివే ఓపిక లేకపోయింది!

శ్రోత: మరి గైడ్ గారితో ఏమని చెప్పాలి సార్?

నిపుణుడు: వాదన పెట్టుకోకండి. ఏ పేపరులో సొంత కొలతలున్నాయో, ఏది ఇతరుల మాటను అప్పగించిందో ఒక పట్టిక వేసి ఆయన ముందు ఉంచండి. “తొమ్మిది ఎలుకలపై జరిగిన ఒక అధ్యయనంలో ఈ ప్రభావం కనిపించింది, తరువాతి రెండింటిలో కనిపించలేదు” అని వాక్యాన్ని సవరిస్తే ఎవరినీ తప్పుపట్టినట్టు ఉండదు.

శ్రోత: ఆ పాత పేపరు రాసినాయనే నా పరీక్షకులుగా వస్తే?

నిపుణుడు: తొమ్మిది అన్న సంఖ్య ఆయన రాసుకున్నదే కనుక కాదనలేరు. ఆ రెండు పేపర్ల ప్రతులను మాత్రం వైవా (మౌఖిక పరీక్ష) రోజున వెంట తీసుకెళ్ళండి.