‘మస్తు’ ఎక్కడి మాట? స్టూడియోలో ఒక చర్చ

యాంకర్: నమస్కారం. నల్లగొండలో పెళ్లికి వెళ్లొచ్చినవాళ్లు ‘మస్తు మంది వచ్చిన్రు’ అంటారు. గుంటూరువాళ్లకు అర్థమవుతుంది గానీ వాళ్ల నోట ఆ మాట రాదు. ఈ ‘మస్తు’ సంగతేంటో తేల్చడానికి భాషాశాస్త్రం చెప్పే మేడమ్, ఉర్దూ, పారశీకం చెప్పే మాస్టారు, ఏనుగులకు వైద్యం చేసిన డాక్టర్ గారు వచ్చారు. ఏనుగుల డాక్టర్ ఎందుకని అడక్కండి, కాస్త ఆగండి. మేడమ్, మా బాబాయి అయితే ‘సమస్తం’లో మొదటి అక్షరం ఎగిరిపోయి ‘మస్తు’ మిగిలిందంటాడు.

మేడమ్: (నవ్వుతూ) వినడానికి బాగుంది. కానీ మరాఠీలో ‘మస్త్’ అంటే భలే బాగుందని. హిందీలో ఏ చీకూచింతా లేకుండా ఉన్నవాడు మస్త్. మంగళూరు వైపు తుళులో ‘మస్త్ జన’ అంటే చాలామంది జనం, అచ్చం మన నల్లగొండ పెళ్లిలాగే. ఇన్నిటినీ సమస్తానికి ముడిపెట్టలేం. ఇది పారశీకం మాట. అక్కడ దీనికి తాగి మత్తులో ఉన్న అని అర్థం.

మాస్టారు: ఇప్పటికీ అంతే. ఓసారి ఒక ఇరాన్ మిత్రుడి ఇంట్లో భోజనం చేశాను. మెచ్చుకుందామని ‘గజా మస్త్ అస్త్’ అన్నాను. గజా అంటే అక్కడ భోజనం. ఆయన గరిటె పక్కన పెట్టి కుండలోకి తొంగిచూశాడు. ‘అన్నం తాగిందా?’ అన్నాడు. పోనీ దీర్ఘం తీసి ‘మాస్త్’ అందామా అంటే, అది పెరుగు!

యాంకర్: మన హైదరాబాద్ ఉర్దూ అక్కడ బెడిసికొట్టిందన్నమాట. మరి తాగినవాడు ‘చాలా’గా ఎలా మారాడు?

మేడమ్: కోస్తాలో ‘పిచ్చ హిట్టు’, ‘పిచ్చ కామెడీ’ అంటారు కదా. అక్కడ ఎవరికీ పిచ్చి లేదు. మనిషిని అదుపు తప్పించే మాట ఏదైనా కొన్నాళ్లకు ‘బాగా’, ‘తెగ’ అనే చోట కూర్చుంటుంది. మత్తు, తర్వాత హుషారు, తర్వాత బాగుండటం, చివరికి బోలెడు.

మాస్టారు: నేను అంత తేలిగ్గా ఒప్పుకోను మేడమ్. మధ్యలో సూఫీలను దాటేశారు. దేవుడి ధ్యాసలో ఒళ్లు మరిచిన ఫకీరుని మస్త్ అనేవారు, మస్తాన్ అనేవారు. గుంటూరులో కాలే మస్తాన్ షా దర్గా ఉంది. హిందువులూ వెళ్తారు, పిల్లలకు మస్తాన్‌రావు, మస్తానమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. ఇందాక గుంటూరు నోట ఈ మాట రాదన్నారే! రోజూ పిలుస్తూనే ఉన్నారు.

యాంకర్: అవును సుమా! మాతో చదివిన మస్తాన్‌రావులే ఇద్దరు. ఒక్కసారీ తట్టలేదు.

మేడమ్: పేరు అలా వచ్చింది, సరే. కానీ ‘మస్తు మంది’లో భక్తి ఎక్కడుంది మాస్టారూ? అది బజారులో పుట్టిన అర్థం. గోల్కొండ నవాబుల దగ్గర్నుంచి 1880ల దాకా ఇక్కడి దర్బారు భాష పారశీకమే. ఆ తర్వాత ఉర్దూ వచ్చింది. కచేరీలో విన్న మాట సంతకి వచ్చేసరికి కొలతగా మారింది.

మాస్టారు: బజారులో ఫకీర్లు కూడా ఉండేవాళ్లు.

యాంకర్: ఇది ఇవాళ తెగేలా లేదు. డాక్టర్ గారూ, ఇక మీ ఏనుగు.

డాక్టర్: మగ ఏనుగుకు కొన్నాళ్లు మదమెక్కుతుంది. కంటికీ చెవికీ మధ్య ఉన్న గ్రంథి ఉబ్బుతుంది, చెంప మీదుగా తారు పూసినట్టు నల్లటి చార దిగుతుంది. మూత్రం చుక్కలు చుక్కలుగా కారి వెనక కాళ్లు తడిసి ఉంటాయి, ఘాటు వాసన. అప్పుడు మావటి కూడా దగ్గరికి పోడు. పలమనేరు వైపు రైతులు ‘మదమెక్కింది’ అంటారు. మేం కాగితాల్లో ‘మస్త్’ అని రాస్తాం. ఇంగ్లీషువాళ్లు ఈ మాటను ఇక్కడి నుంచే తీసుకెళ్లారు. ఆఫ్రికా ఏనుగులకూ ఇదే ఉంటుందని కెన్యాలోని అంబోసెలీలో గమనించి జాయిస్ పూల్, సింథియా మాస్ 1981లో ‘నేచర్’ పత్రికలో రాశారు. అక్కడి ఏనుగుకూ మన మాటే.

మేడమ్: అసలు తమాషా ఇక్కడే ఉంది. సంస్కృతంలో ‘మద్’ ధాతువు నుంచి ‘మత్త’ వచ్చింది. పారశీకం వైపు అదే పాత మాట ‘మస్త్’ అయింది. మన ‘మత్తు’, మన ‘మస్తు’ ఒకే తాతకు మనవలు. ఒకడు సంస్కృతం ఇంట పెరిగాడు, ఇంకొకడు ఇరాన్ చుట్టి వచ్చాడు.

యాంకర్: అయితే బళ్లో మేం బట్టీ పట్టిన మత్తేభం...

మేడమ్: మత్త, ఇభం. మదమెక్కిన ఏనుగు. స భ ర న మ య వ, పాదానికి 20 అక్షరాలు. డాక్టర్ గారి కాగితంలో ఉన్నదీ, మీ పద్యంలో ఉన్నదీ ఒకటే జంతువు.

మాస్టారు: అంటే ‘మస్తు’ బయటి మాట అనేవాళ్లకు మత్తేభం వినిపించాలి.

యాంకర్: అన్నట్టు డాక్టర్ గారూ, మీరు చూస్తున్న ఏనుగు ఇప్పుడెలా ఉంది?

డాక్టర్: మస్తులో ఉంది.

యాంకర్: బాగుందన్నమాట!

డాక్టర్: లేదు సర్. గొలుసులు వేసి ఉంచాం, పక్కకి ఎవరినీ పోనివ్వడం లేదు.