సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ కొంటున్నారా? బానెట్ ఎత్తే ముందు గోడలు చూడండి

నమస్కారమండీ. ఇవాళ మన ముందున్నది 2017 మోడల్ మినీ బస్సు చాసీ మీద బాడీ కట్టించిన క్యాంపర్ వ్యాన్. నలుగురికి పడక, వెనకాల చిన్న బాత్రూము, తలుపు పక్కన వంటగట్టు, టాపు మీద ఏసీ, రెండు సోలార్ ప్యానెళ్లు. అమలాపురం దగ్గర అమ్మకానికి పెట్టారు. బాగా పరీక్షించి చూసుకోమని ఓనరు గారే అన్నారు కాబట్టి మొహమాటం లేకుండా చూద్దాం.

ఇలాంటి బండి దగ్గరికెళ్లగానే అందరూ బానెట్ ఎత్తుతారు, సెల్ఫ్ కొడతారు, సౌండ్ బాగుంది అంటారు. మేం ఆ పని ఆఖర్న చేస్తాం. ఇంజన్ పని రాజమండ్రిలోనైనా భీమవరంలోనైనా చేసే మెకానిక్కులున్నారు, స్పేర్లు దొరుకుతాయి. గోడల్లోకి నీళ్లు దిగిన బాడీ అలా కాదు. సన్మైకా, ప్లైవుడ్, లోపలి దూది, దాని వెనక ఇనప పైపులు, అన్నీ విప్పితే తప్ప రోగం ఎక్కడిదాకా పాకిందో తెలీదు. విప్పాక మళ్లీ కట్టడమంటే సగం కొత్త బండి కట్టినంత పని. మన గోదావరి డెల్టాలో వానలు, వరద, ఉప్పుగాలి మూడూ ఉన్నాయి. అందుకే ఇక్కడ ముందు చెమ్మ చూడాలి.

వెళ్లేటప్పుడు టార్చి, మొద్దుగా ఉన్న స్క్రూడ్రైవరు, మల్టీమీటరు, పిన్నులున్న మాయిశ్చర్ మీటరు, చిన్న అయస్కాంతం, సీసాలో సబ్బునీళ్లు పట్టుకెళ్లండి. కింద పడుకుని చూడ్డానికి ఓ పాత దుప్పటి కూడా. ఓనరుకి ముందే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దండీ అని చెప్పండి. కుదిరితే వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్లండి.

తలుపు తియ్యగానే ఊపిరి గట్టిగా పీల్చండి. ఏసీ ఆపి, కిటికీలన్నీ మూసి పది నిమిషాలు ఉంచి మళ్లీ లోపలికెళ్లండి. ముక్కిన వాసన వస్తే ఎక్కడో తడి ఉన్నట్టే. రూమ్ ఫ్రెషనర్ ఘుమఘుమలాడుతుంటే ఇంకా జాగ్రత్తగా చూడండి.

ఇప్పుడు టాపు. నిచ్చెన వేసుకుని చూడండి, మీద కాలు పెట్టకండి. ఇదిగో, ఈ సొట్ట చూశారా? కొబ్బరికాయ పడింది. కోనసీమలో చెట్టు కింద నిలబెట్టిన ప్రతి బండికీ ఈ గండం ఉంది. సొట్ట పెద్ద సమస్య కాదు, దాని పక్కన వెంటిలేటర్ మూత పగిలిందా అన్నది సమస్య. సన్నటి పగులు చాలు, ఒక్క తుపాను వానకి బకెట్ నీళ్లు లోపలికి పోతాయి. మూత మీద గోరుతో నొక్కండి, ఎండకి పెళుసెక్కిన ప్లాస్టిక్ చిట్లుతుంది.

తర్వాత ఏసీ చుట్టూ, సోలార్ ప్యానెల్ కాళ్ల దగ్గర, అంచు పట్టీ స్క్రూల దగ్గర సీలెంట్ చూడండి. పాత సీలెంట్ నల్లబడి, దాని మీద తెల్లగా మెరిసే సిలికాన్ కొత్తగా పూసి ఉందంటే ఇటీవల లీకైందని అర్థం. పాతది గీకి తియ్యకుండా మీద పూసిన సిలికాన్ అతుక్కోదు, ఆరునెల్లకో ఏడాదికో అంచు లేస్తుంది. సరైన పద్ధతి ఏంటంటే పాతదంతా గీకేసి, శుభ్రంచేసి, కింద బ్యుటైల్ టేపు, పైన పాలీయురేథేన్ సీలెంట్ వెయ్యాలి. ఏసీ బరువుకి టాపు కుంగి చుట్టూ నీళ్లు నిలిచే గుంట ఏర్పడిందా చూడండి. నీళ్లు నిలిచిన చోట మట్టి గుండ్రంగా మరక కడుతుంది.

లోపలికి రండి. మాయిశ్చర్ మీటరు గురించి ఒక్కమాట. 15 శాతం దాటితే అనుమానించాలి అని ఎక్కడ చూసినా రాస్తారు. మన దగ్గర ఆ లెక్క నేరుగా పనికిరాదు. ఇక్కడి గాలిలోనే తేమ ఎక్కువ, ఏ లీకూ లేని ప్లైవుడ్ కూడా 14, 16 చూపిస్తుంది. అందుకని ముందు బండి మధ్యలో, ఏ కిటికీకీ దగ్గర లేని అల్మారా లోపల కొలవండి. అది మీ బేస్. మిగతా చోట్ల దానికన్నా ఎంత ఎక్కువొచ్చిందో చూడండి. పిన్నులు సన్మైకా మీద కాదు, ప్లై కనిపించే అంచులో గుచ్చాలి.

ఈ బండిలో మధ్య అల్మారా 15. తలుపు పక్కన నేల దగ్గర 17, పర్లేదు. కిటికీల కింద 16, 18. ఇప్పుడు వెనక ఎడమ మూల, మంచం కింద. తమ్ముడూ, లైటు ఇటు వెయ్యి. 28. ఉప్పు పట్టిన చెక్క కూడా మీటరులో ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అంకె ఒక్కటీ నమ్మకూడదు. స్క్రూడ్రైవర్ తీసుకుని మెల్లగా నొక్కుతున్నాను. చూడండి, బలం పెట్టకుండానే అరంగుళం దిగిపోయింది. పొరలు విడిపోయి, నల్లగా, పొడిపొడిగా వస్తోంది. ఇది పుచ్చిన ప్లై.

ఇక్కడ తడి ఉంది కాబట్టి లీకు ఇక్కడే అనుకోవద్దు. నీళ్లు పైనెక్కడో దూరి, పైపు ఫ్రేము పట్టుకుని జారి, కింద మూలలో చేరతాయి. ఈ మూలకి నిట్టనిలువుగా పైన ఏముందో చూడండి: టాపు అంచున ఎర్ర మార్కర్ లైటు. దాని రబ్బరు ఎండి విరిగింది. లైటు విప్పితే వైరు దూరిన బెజ్జంలో మట్టి చార ఉంది. నీళ్ల దారి అదే.

గోడ లోపల దూదిగా గ్లాస్ ఊల్ (గాజు దూది) ఉందంటే ఇంకో చిక్కు. అది నీళ్లు తాగి నెలల తరబడి ఆరదు, ఆనుకుని ఉన్న ఇనప పైపుని తడిలోనే ఉంచుతుంది. బయట రంగు బాగానే ఉంటుంది, లోపల పైపు పొరలు పొరలుగా లేస్తుంది. బయటి గోడ మీద వేలి కణుపుతో వరసగా కొట్టుకుంటూ వెళ్లండి, లేత కాయా ముదురు కాయా అని కొబ్బరికాయ మీద కొట్టి చూసినట్టే. ఒకే మోత వస్తూ వస్తూ ఒకచోట డొల్లగా మారితే అక్కడ రేకు లోపలి చెక్కని వదిలేసిందని. అయస్కాంతం కూడా నడపండి. ఇనప రేకు మీద ఒకచోట పట్టు తగ్గిందంటే కింద మందంగా పుట్టీ ఉంది. ఫైబర్ బాడీకి మాత్రం ఈ పరీక్ష పనిచెయ్యదు.

నేల ప్లైవుడ్ మీద ముద్ర దొరికితే చదవండి. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై, నీళ్లకి తట్టుకునేది. ఐఎస్ 303 అంటే మామూలు ప్లై, అందులోనూ ఎంఆర్ గ్రేడ్ (గాలిలో చెమ్మకి ఆగుతుంది, నీళ్లకి ఆగదు) అయితే బాత్రూము పక్కన అస్సలు ఉండకూడదు.

ఇక కింద పడుకుందాం. రెండు విషయాలు చూడాలి: ఉప్పు, వరద.

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు తిరిగిన బండికీ, రొయ్యల చెరువుల మధ్య నిలబెట్టిన బండికీ కమాన్ కట్టల పొరల మధ్య, బ్రేకు గొట్టాల మీద, బాడీని చాసీకి పట్టి ఉంచే బ్రాకెట్ల దగ్గర తుప్పు ముందు మొదలవుతుంది. పైపైన గోధుమరంగు తుప్పు ఏ బండికైనా ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే పెంకులు రాలాయంటే, బ్రేకు గొట్టం మీద గుంటలు పడ్డాయంటే ఆగండి. చాసీ అంతా నిన్నే వేసినట్టు నల్లటి అండర్ కోటింగ్ ఉంటే, ఎప్పుడు వేశారు, వెయ్యకముందు ఫొటోలు ఉన్నాయా అని అడగండి.

వరద సంగతి. 2022 జూలై గోదావరి వరదకి లంక గ్రామాల్లో ఎన్ని ఇళ్లు, బండ్లు మునిగాయో మీకు తెలుసు. మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మొచ్చు. కానీ ఒండ్రు అన్ని చోట్ల నుంచీ పోదు. డ్రైవరు సీటు బెల్టు చివరిదాకా లాగండి, మామూలుగా బయటికి రాని ఆ చివరి జానెడులో ఎర్రటి మరక ఉంటుంది. సీటు పట్టాల లోపల, డాష్‌బోర్డు కింద బ్రాకెట్ల మీద, హెడ్‌లైట్ అడుగున టార్చి వేసి వెతకండి. డాష్ కింద ఒక కనెక్టర్ విడదీసి చూడండి, రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉండకూడదు.

డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల డబ్బా) ఆయిల్ ప్లగ్గు విప్పించి చూడండి. పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. వేడిగా ఉన్న యాక్సిల్ నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, గాలి ఆడే బ్రీదర్ గొట్టంలోంచి నీళ్లు లాక్కుంటుంది. నిండా మునగక్కర్లేదు, యాక్సిల్ మునిగితే చాలు. ఈ బండిలో ఆయిల్ శుభ్రంగా ఉంది, బెల్టు శుభ్రంగా ఉంది. వరద గుర్తులు మాకేమీ కనపడలేదు.

కరెంటుకి వద్దాం. ప్రకటనలో "రాత్రంతా ఏసీ" అని రాశారు. లెక్క వేద్దాం. లోపల 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీలు రెండున్నాయి. మొత్తం 3,600 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించుతూ ఉంటే త్వరగా పోతుంది కాబట్టి చేతికొచ్చేది 1,800. టన్ను ఏసీ కంప్రెసర్ నడుస్తున్నప్పుడు 1,000 నుంచి 1,200 వాట్లు తీసుకుంటుంది. ఇన్వర్టర్ నష్టం కూడా తీసేస్తే గంటన్నర లోపే. మే నెల ఉక్కలో కంప్రెసర్ ఆగదు కూడా. రాత్రంతా నడవాలంటే బయటి కరెంటు కావాల్సిందే. ఇది మోసం అని మేం అనం, చాలామంది అమ్మేవాళ్లకి ఈ లెక్క తెలీదు. కొనేవాళ్లకి తెలియాలి.

బ్యాటరీ కొలిచే ముందు చార్జింగు, లోడు రెండూ తీసేసి కనీసం నాలుగు గంటలు ఉంచాలి. లెడ్ యాసిడ్‌కి 12.6, 12.7 వస్తే ఫుల్లు, 12.2 అంటే సగం. తర్వాత ఏసీ వేసి పది నిమిషాలయ్యాక బ్యాటరీ మొన మీద, ఇన్వర్టర్ మొన మీద విడివిడిగా కొలవండి. బ్యాటరీ దగ్గరే 11.5 కిందికి పోతే బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ దగ్గర బాగుండి ఇన్వర్టర్ దగ్గర అర వోల్టు తక్కువొస్తే వైరు సన్నం లేదా వైరు చివర బిగించే లగ్గు వదులు. ఈ లోడుకి వంద ఆంపియర్లు పోతాయి, కనీసం 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ ఉండాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఇక్కడ ఫ్యూజు లేదు. ఇది నిప్పు విషయం, బేరంలో వదిలెయ్యకండి. బయటి కరెంటు వచ్చే బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) ఉండాలి, టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి.

నీళ్లు, గ్యాసు త్వరగా చూసేద్దాం. పంపు వేసి కుళాయిలన్నీ కట్టేస్తే పంపు ఆగాలి. పావుగంటలో తనంతట తానే మళ్లీ గురక పెట్టిందంటే ఎక్కడో కారుతోంది. తీరం వైపు బోరు నీళ్లు వాడిన బండికి గీజర్ ఎలిమెంట్ తెల్లగా ఉప్పు కట్టి ఉంటుంది. గ్యాసు ట్యూబు మీద తేదీ చూడండి, ఐదేళ్లు దాటితే మార్చాలి. జాయింట్లకి సబ్బునీళ్లు పూయండి, బుడగ రాకూడదు. గాలికన్నా గ్యాసు బరువు కాబట్టి సిలిండరు పెట్టే గూడు అడుగున బయటికి బెజ్జం ఉండాలి. ఆ బెజ్జాన్ని బొద్దింకలొస్తున్నాయని గుడ్డతో కుక్కేస్తారు. తీసేయించండి.

ఇప్పుడు ఎవ్వరూ చెయ్యని పని. దగ్గర్లో ఏ రైసు మిల్లు దగ్గరైనా కాటా ఉంటుంది, బండి ఎక్కించండి. ఆర్సీలో లాడెన్ వెయిట్ (మనుషులు, సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) 4,000 కిలోలు అని ఉండి, నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కాటా 3,550 చూపించిందనుకోండి. వంద లీటర్ల నీళ్లు వంద కిలోలు, నలుగురు మనుషులు 260. ఇంకా మిగిలింది 90. అందులోనే సిలిండరు, వంట సామాను, బట్టలు, బియ్యం. ఇంటీరియర్ చూడముచ్చటగా కట్టిన బండ్లు ఇక్కడే దెబ్బతింటాయి. బరువెక్కితే కమాన్లు చదునవుతాయి, టైర్లు వేడెక్కుతాయి, బ్రేకు దూరం పెరుగుతుంది. వెనక చక్రాలు మాత్రమే కాటా మీద నిలిపి ఇంకోసారి తూయండి, వెనక యాక్సిల్ మీద ఎంత పడుతోందో తెలుస్తుంది.

టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. క్యాంపర్లు తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. టైరు గ్రిప్పు బాగుందని సంతోషపడొద్దు, ఆరేళ్లు దాటిన టైరు గోడలో పగుళ్లుంటే నాలుగూ మార్చాల్సిందేనని ధరలో లెక్కేసుకోండి.

ఆఖరికి ఇంజన్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చెయ్యండి. కాసేపు పొగ రావచ్చు, నీలంగా వస్తూనే ఉంటే ఆయిల్ కాలుతోంది, వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే గాస్కెట్ అనుమానం. మన దగ్గర కొండలు లేవు, క్లచ్, హ్యాండ్‌బ్రేక్ పరీక్షకి ఏటిగట్టు ర్యాంపు చాలు. రద్దీ లేని ర్యాంపు మధ్యలో ఆపి, హ్యాండ్‌బ్రేక్ మీద వెనక్కి జారుతుందా చూసి, మొదటి గేరులో ఎక్కించండి. తర్వాత 216 జాతీయ రహదారి మీద నాలుగో గేరులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజన్ రొద పెరిగి స్పీడు పెరక్కపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది.

కాగితాల్లో అన్నిటికన్నా ముఖ్యం ఆర్సీలో వెహికల్ క్లాస్. మోటార్ కారవాన్ అనో, క్యాంపర్ వ్యాన్ అనో ఉండాలి. లోపల మంచాలుండి ఆర్సీలో ఇంకా బస్సు అనే ఉంటే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేని మార్పు కింద వస్తుంది, ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర గొడవవుతుంది. రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి, చాసీ నంబరు బండి మీద చెక్కినదానితో అంకె అంకె సరిచూడండి. లోను ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్ఓసీ, బదిలీకి 29, 30.

ఈ బండి ఆర్సీలో మోటార్ కారవాన్ అనే ఉంది. మా అభిప్రాయం: ఆ వెనక ఎడమ మూల రెండడుగుల మేర సన్మైకా విప్పి చూపిస్తేనే బేరం మాట్లాడండి. తుప్పు ఒక్క నిలువు పైపుకే ఉంటే కోసి కొత్తది వెల్డింగ్ చేసి, మెరైన్ ప్లై వేసి, మార్కర్ లైట్లన్నీ తీసి మళ్లీ సీల్ చేయించొచ్చు. ఆ ఖర్చు, బ్యాటరీ ఫ్యూజు, టైర్లు ధరలో తగ్గించమనండి. పక్క పైపులకి, అడుగు దూలానికి కూడా పాకి ఉంటే ఎంత తగ్గించినా తీసుకోవద్దు. విప్పడానికి ఓనరు గారు ఒప్పుకోకపోయినా అదే మాట.