రేకు గేట్‌మ్యాన్ 45ఎన్ రివ్యూ, ఫ్రీగా వచ్చిన సెన్సర్ గోల కూడా

హాయ్ అండి, నమస్తే, మళ్ళీ మా బేస్‌మెంట్ నుంచే. ముందే చెప్పేస్తున్నా, రైలొచ్చిందని కనిపెట్టే ఈ చిన్న సెన్సర్ బోర్డు ఒక షాపు వాళ్ళు ఫ్రీగా పంపించారు, రివ్యూ చెయ్యమన్నారు. గేట్‌మ్యాన్, అంటే బొమ్మ రైలు పట్టాల పక్కన పెట్టే గేటు కాపలావాడి బొమ్మ, అది మాత్రం నా జేబులోంచి కొన్నదే. సైజెంత, ఎన్ని వోల్టులు అనేవి మీరు ఎక్కడో చూసేసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను.

ఇదిగో, అమెరికా బొమ్మ రైళ్ళ కంపెనీ లయొనెల్ వాళ్ళ పాత 45ఎన్. ఆకుపచ్చ రేకు పీట, దాని మీద చిన్న గది, ఎర్ర కప్పు, పక్కన క్రాసింగ్ బోర్డు. రైలొస్తే తలుపు తెరుచుకుని మనిషి లాంతరు పట్టుకుని బయటికొస్తాడు, రైలెళ్ళిపోతే లోపలికి పోతాడు. అంతే, ఇంకేం చెయ్యడు! 1934లో లయొనెల్ కంపెనీ అప్పులపాలై, కోర్టు పెట్టిన రిసీవర్ చేతిలో పడింది, దాంట్లోంచి తేరుకున్న 1935లోనే మొదటి 45 వచ్చింది. వాళ్ళ ఫ్యాక్టరీ ఇక్కడే న్యూజెర్సీలో, ఇర్వింగ్టన్‌లో ఉండేది, ఎడిసన్‌లో మా ఇంటి నుంచి అరగంట దూరం, పదేళ్ళు ఆ రోడ్డు మీదే ఆఫీసుకి పోయా కానీ ఒక్కసారి కూడా తెలీలేదు.

దీని మీద పిచ్చి ఎందుకంటే, మా ఊళ్ళో గేటు పడితే బస్సు దిగి ముందుకెళ్ళి గేట్‌మ్యాన్ గది దగ్గర నిలబడేవాళ్ళం. ఆయన తాపీగా జెండా పట్టుకుని బయటికొచ్చేవాడు, ఆయన వచ్చాడంటే రైలొస్తున్నట్టే. మా పిల్లలకి ఇది చెప్తే "వై డిడ్ యు గెట్ డౌన్" అంటారు, సరే వదిలెయ్యండి.

సరే, అసలు గొడవకొద్దాం. వీడికి రైలొచ్చిందని ఎలా తెలుస్తుంది? ఓ గేజ్ (బొమ్మ రైళ్ళలో ఒక సైజు) లయొనెల్ ట్రాక్‌కి మూడు పట్టాలుంటాయి, మధ్యదాంట్లో కరెంటొస్తుంది, బయటి రెండిట్లో తిరిగి వెళ్తుంది. ఆ బయటి రెండిట్లో ఒకదాన్ని కొంత దూరం మిగతా ట్రాక్‌కి తగలకుండా విడదీసి, గేట్‌మ్యాన్ వైరు దానికి కలుపుతాం. రైలు అక్కడికి రాగానే దాని ఇనప చక్రాలే ఆ బయటి రెండు పట్టాల్నీ కలిపేస్తాయి, సర్క్యూట్ పూర్తవుతుంది, పీట కింద కాయిల్ లాగుతుంది, టక్! నేనైతే స్లీపర్ల రేకు చెవులు మెల్లగా విప్పి, పట్టా కింద పెళ్ళి శుభలేఖ ముక్కలు కత్తిరించి పెట్టా, మా బావమరిది పెళ్ళిది, మంచి దళసరి కార్డు. చివర్లలో స్టీలు పిన్నుల బదులు ప్లాస్టిక్ పిన్నులు. సాయంత్రం మొత్తం పట్టింది, ఒక చెవి విరిగింది కూడా.

ఈ తిప్పలు లేకుండా ఉంటుందని షాపు వాళ్ళు ఈ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పంపించారు. పట్టాల మధ్య పెడితే పైన రైలుందని కనిపెడుతుంది. బిగించడం పది నిమిషాల పని, అది ఒప్పుకుంటా. కానీ చూడండి... ఆఖరి బోగీ వెళ్ళిపోయింది, వీడింకా బయటే ఉన్నాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఇప్పుడెళ్ళాడు. రైలెళ్ళిపోయాక ఎవడికి చూపిస్తున్నాడండీ లాంతరు? పైగా పొద్దున కిటికీలోంచి ఎండ పడితే రైలు లేకుండానే టకటకా బయటికీ లోపలికీ తిరుగుతున్నాడు, గదిలో పాము దూరినట్టు. ఇప్పుడు నా శుభలేఖ ట్రాక్ మీద చూడండి, మొదటి చక్రం ఎక్కగానే బయటికి, ఆఖరి చక్రం దిగగానే లోపలికి, తలుపు చప్పుడుతో సహా. ఆ చప్పుడు కోసమే కదా ఇదంతా! ఒక్కటే తిరకాసు, ప్లాస్టిక్ చక్రాల బోగీలు తగిలిస్తే పనిచెయ్యదు.

ఇంకోటి, సొంత గాయం. నా మొదటి 45ఎన్ ఆన్‌లైన్‌లో ఒకాయన ఒరిజినల్ పెయింట్ అని అమ్మాడు, మెరిసిపోతోంది, ఎగిరి గంతేశా. తర్వాత తిరగేసి చూస్తే, గదిని పీటకి పట్టించడానికి రేకు చెవులు మడుస్తారు కదా, ఆ మడతల మీద కూడా రంగు నున్నగా, పగుళ్ళు లేకుండా ఉంది. రంగేశాక మడిస్తే అక్కడ పగలాలి కదండీ. అంటే మొత్తం బిగించాక ఎవడో స్ప్రే కొట్టాడన్నమాట. అందుకే ఇది యార్క్ మీట్‌లో, అంటే పెన్సిల్వేనియాలో జరిగే బొమ్మ రైళ్ళ సంతలో, చేత్తో పట్టుకుని, తిరగేసి, గోరుతో గీకి చూసి తీసుకున్నా, కప్పు మీద గీతలున్నాయి, ఉండనివ్వండి.

1950లో వచ్చిన 145 కూడా నా దగ్గరుంది, గది ప్లాస్టిక్‌ది. బాగానే పనిచేస్తుంది, కానీ తలుపు పడితే టప్ మంటుంది, రేకు టంగు మనే చప్పుడు రాదు. ఆ ఒక్క కారణం చాలు నాకు, పక్కన పెట్టేశా. కాబట్టి రేకుది దొరికితే కళ్ళు మూసుకుని... అంటే కళ్ళు తెరిచి, చెవులు చూసి కొనండి. సెన్సర్ మాత్రం డబ్బాలో పెట్టి వెనక్కి పంపిస్తున్నా, షాపు వాళ్ళూ, ఏమనుకోకండి, ఫ్రీగా ఇచ్చారని మనిషిని నాలుగు సెకన్లు ఊరికే బయట నిలబెట్టలేను.

ఆగండి, ఏదో మాడిన వాసన... అయ్యో, ఇందాకటి నుంచి ఇంజిన్ ఆ పట్టా మీదే ఆపి మాట్లాడుతున్నా, కాయిల్‌కి కరెంటు పోతూనే ఉంది, ఆ గుయ్యిమనే సౌండ్ అదే, పాపం వీడు ఇంకా బయటే నిలబడ్డాడు. ఆపేస్తున్నా, ఆపేస్తున్నా, ఉంటానండి.