దెయ్యాల పాటలంటే ఇవేనా? బర్మింగ్‌హామ్ వీధుల్లో మెటల్ లిరిక్స్ చదువుతూ

హాయ్ అండీ, నమస్కారం. వెనకాల ట్రామ్ చప్పుడు వినిపిస్తే కాస్త సర్దుకోండి, బ్రాడ్ స్ట్రీట్ మీద నిలబడి మాట్లాడుతున్నాను. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున కాలువ దాటే ఈ చిన్న వంతెనకి 2019లో బ్లాక్ సబ్బాత్ బ్రిడ్జ్ అని పేరు పెట్టారు. బెంచీ మీద కనిపిస్తున్న నాలుగు ముఖాలూ ఆ బ్యాండ్ వాళ్లవే. పాడేది ఓజీ ఆస్బోర్న్, గిటార్ టోనీ అయోమి, బేస్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్. 2025 జులై 22న ఓజీ పోయినప్పుడు ఇక్కడంతా పూలే పూలు. తర్వాత వారం అంతిమయాత్ర కూడా ఇక్కడ ఆగింది. హెవీ మెటల్, అంటే గిటార్ల మోతతో హోరెత్తే ఈ రాక్ సంగీతం, పుట్టింది మా ఊళ్లోనే అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

కెమెరా పట్టుకున్నది మా అబ్బాయి. పదహారేళ్లు. ఒంటి మీద ఎప్పుడూ నల్ల టీషర్టు, దాని మీద ఓ పుర్రె. పోయిన వీడియోలో ఆ టీషర్టు కనిపించేసరికి "అక్కా, ఆ దెయ్యాల పాటలు పిల్లాణ్ణి ఎలా విననిస్తున్నారు?" అని చాలామంది అడిగారు. అడగడంలో తప్పేం లేదు. ఒకడు గొంతు చించుకుని అరుస్తుంటే, అట్ట మీద కొమ్ములవాడు కనిపిస్తుంటే ఏ తల్లికైనా టెన్షనే. నేను వద్దనలేదు గానీ ఒక షరతు పెట్టాను. కొత్త పాట ఏదైనా ముందు లిరిక్స్ ప్రింట్ తీసి నా చేతికివ్వాలి, ఇద్దరం కూర్చుని చదవాలి. అరుపు లేకుండా కాగితం మీద చదివితే ఆ పాటల రంగే వేరండీ. ఇవాళ ఆ కాగితాలు సంచిలో వేసుకుని ఊరు తిరుగుతున్నాం.

ముందు ఈ బెంచీ వాళ్ల పాటే. బ్యాండ్ పేరే పెట్టుకున్న "బ్లాక్ సబ్బాత్", 1970 ఫిబ్రవరి 13న వచ్చిన మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట. వాన, ఉరుము, చర్చి గంట, ఆ మీదట నెమ్మదిగా ఈడ్చుకుంటూ వచ్చే గిటార్. కథేమిటంటే, ఒక మనిషి ఎదుట నల్లటి ఆకారం నిలబడి అతని వైపే వేలు చూపిస్తుంది. అతను పరుగు తీస్తాడు. దేవుడా కాపాడమని మొత్తుకుంటాడు. అంతే. ఇందులో సాతాను పూజ ఎక్కడుంది? వణికిపోయి దేవుణ్ణి పిలిచిన మనిషి ఉన్నాడు. బట్లర్ ఆ రోజుల్లో క్షుద్రవిద్యల పుస్తకాలు తెగ చదివేవాడట. ఒక రాత్రి మంచం చివర నల్లటి ఆకారం కనిపించిందని, దెబ్బకి అవన్నీ పక్కన పెట్టేశానని తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ ఆల్బమ్ లోపలి అట్టలో తలకిందుల శిలువ ఉంటుంది చూశారూ, అది రికార్డు కంపెనీ పెట్టింది, వీళ్లని అడగను కూడా లేదు. వీళ్లు మెడలో వేసుకున్నవి మామూలు శిలువలే.

ఇక్కడే ఒక విషయం పట్టుకోవాలి. పాడేది ఓజీ, మాటలు ఎక్కువగా బట్లర్‌వి. బట్లర్ ఐరిష్ క్యాథలిక్ కుటుంబంలో పుట్టి ఇక్కడి ఆస్టన్‌లో పెరిగాడు. మైకు ముందు వెర్రిచూపులు చూసే మనిషిని బట్టి మనం అర్థం చెప్పేసుకుంటాం. రాసినవాడేమో పక్కన తలొంచుకుని బేస్ వాయించుకుంటూ ఉంటాడు. అమెరికా బ్యాండ్ స్లేయర్ సంగతి ఇంకా విచిత్రం. 2001లో వాళ్ల ఆల్బమ్ పేరే దేవుడికి మనమంటే గిట్టదని. పాడిన టామ్ అరాయా క్యాథలిక్, పాటలు ఎక్కువ రాసిన గిటారిస్టు కెర్రీ కింగ్‌కి దేవుడంటే నమ్మకమే లేదు. ఆ గొంతులో వినిపించేది ఎవరి మతం అనాలి మనం?

నాన్నా, "వార్ పిగ్స్" కాగితం ఇలా ఇవ్వు. ఇది నా ఫేవరెట్ అండీ. 1970 సెప్టెంబరులో వచ్చిన "పారనాయిడ్" ఆల్బమ్‌లోది. వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం. మొదటి పంక్తుల్లోనే సైన్యాధిపతులు గుంపుగా చేరడాన్ని మంత్రగత్తెల పూజతో పోలుస్తాడు. అక్కడితో చదవడం ఆపేసినవాళ్లు "చూశావా, క్షుద్రపూజలు" అంటారు. అయ్యా, మంత్రగత్తెలన్నది ఎవరిని? జనరళ్లని! కాస్త ముందుకెళితే, యుద్ధం మొదలుపెట్టిన నాయకులు వెళ్లి దాక్కుంటారని, పోరాడి చచ్చే పని పేదవాళ్లకి వదిలేస్తారని, జనాన్ని చదరంగంలో బంట్లలా కదుపుతారని ఉంటుంది. అసలు సరుకంతా చివరి చరణంలో ఉంది. లోకం తిరగడం ఆగిపోతుంది. తీర్పు రోజు వస్తుంది, దేవుడు పిలుస్తాడు. యుద్ధాలు చేయించిన ఆ పెద్దమనుషులు మోకాళ్ల మీద పాకుతూ క్షమించమని వేడుకుంటారు. సాతాను నవ్వుతూ రెక్కలు విప్పుతాడు.

"అమ్మా, అయితే చివరికి సాతానే కదా గెలిచాడు?" అన్నాడు మావాడు.

"గెలవడం కాదురా, తనకి రావలసినవాళ్లని తీసుకెళ్లడానికి వచ్చాడు."

వాడు ఒప్పుకోడు. ఆ నవ్వులో గెలుపు ఉందంటాడు. నాకు మాత్రం ఇది నిఖార్సైన చర్చి ప్రసంగంలాగే ఉంది. పాపం చేశారు, తీర్పు తప్పదు, అధికారం అక్కడ పనికిరాదు. పొడవాటి జుట్టు కుర్రాళ్లు చెప్పారు కాబట్టి మనకి ప్రసంగమని తట్టదు. ఇంకో తమాషా. ఈ పాటకి మొదట పెట్టిన పేరు "వాల్పర్గిస్", యూరప్ జానపద నమ్మకాల్లో మంత్రగత్తెలు కలుసుకునే రాత్రి పేరది. కంపెనీవాళ్లు కంగారుపడి మార్పించారు. ఆల్బమ్‌కే "వార్ పిగ్స్" అని పేరు పెట్టాలనుకున్నారు, అదీ మారిపోయింది, అట్ట మాత్రం మారలేదు. అందుకే "పారనాయిడ్" అట్ట మీద కత్తీ డాలూ పట్టుకుని ఒకాయన అడ్డంగా దూకుతుంటాడు, పేరుకీ బొమ్మకీ సంబంధం ఉండదు.

సరే, న్యూ స్ట్రీట్ స్టేషన్‌కి వచ్చేశాం. ఇదిగో ఈ పెద్ద ఇనుప ఎద్దు, 2022 కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో ఊరేగింది. జనం ఓట్లేసి దీనికి ఓజీ అనే పేరు పెట్టారు. విట్టన్ వెళ్లే ట్రైన్ ఎక్కాక మాట్లాడతాను.

ట్రైన్‌లో చదవడానికి లండన్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ పాట తీసుకున్నాం, 1982లో వచ్చిన "రన్ టు ద హిల్స్". అమెరికా మూలవాసుల కథ. మొదటి చరణం మూలవాసులది, తెల్లవాడు సముద్రం దాటి వచ్చి మాకు చావులు తెచ్చాడంటారు. రెండో చరణంలో మాట్లాడేది సైనికుడు. వాళ్లని కన్నాల్లోకి తరుముతున్నామని, అదో ఆటలాగా చెప్పుకుంటాడు. ఆ ఒక్క ముక్క కోసి ఎవరికైనా పంపితే, ఎంత జాత్యహంకారమో అనుకుంటారు. గాయకుడు ఒక్కడే, గొంతూ మారదు, మాట్లాడే మనిషి మాత్రం మారిపోయాడు. చరణం మారిన ప్రతిసారీ "ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరు?" అని అడగడం మావాడికి ఈ పాటతోనే అలవాటు చేశాను. అదే ఆల్బమ్‌లో "హాలోడ్ బీ దై నేమ్" అని ఇంకోటుంది, పరలోక ప్రార్థనలోని మాటలే పేరుగా పెట్టారు. ఉరికంబం ఎక్కబోయే ఖైదీ లోపల లోపల మాట్లాడుకోవడం ఆ పాట. పాస్టర్ వచ్చి చివరి ప్రార్థన చదువుతుంటే, దేవుడుంటే నన్నెందుకు ఇలా వదిలేశాడు అనుకుంటాడు. దీన్ని మతం మీద దాడి అంటే నేనొప్పుకోను. ఉరికి ఇంకొన్ని నిమిషాలుందనగా ఎవడి నోటైనా వచ్చే మాటే అది.

ఇక ఈ బ్యాండ్ మీద గోల అయింది ఆ ఆల్బమ్ పేరున్న పాటకి, "ద నంబర్ ఆఫ్ ద బీస్ట్"కి, అంటే బైబిల్లో చెప్పిన మృగం సంఖ్య 666. అమెరికాలో మతసంఘాలు రికార్డులు తగలబెట్టాయి, సుత్తులతో పగలగొట్టాయి. రాసిన స్టీవ్ హారిస్ చెప్పేదేమో ఒక హారర్ సినిమా చూసి పడుకుంటే వచ్చిన పీడకల అని. నాకైతే ఆ మాట నిజమే అనిపిస్తుంది. అన్ని పాటల్లోనూ లోతు వెతకక్కర్లేదండీ, కొన్ని ఉత్త దెయ్యం కథలు. అభిమానులు కూడా ఒక్కోసారి అతి చేస్తారు, ప్రతి దానికీ తత్వం అంటగడతారు.

పాటకి తప్పుడు అర్థం తీస్తే ఎక్కడిదాకా పోతుందో చెప్పాలంటే 1985 సెప్టెంబరు 19 గుర్తు చేసుకోవాలి. అమెరికా సెనేట్‌లో పాటల మీద విచారణ జరిగింది. పిల్లలు చెడిపోతున్నారని టిప్పర్ గోర్, మరికొందరు నాయకుల భార్యలు కలిసి ఒక సంఘం పెట్టారు. ట్విస్టెడ్ సిస్టర్ అనే బ్యాండ్ గాయకుడు డీ స్నైడర్ ఆ జుట్టుతో, చేతుల్లేని డెనిమ్ జాకెట్‌తో సెనేటర్ల ముందు కూర్చున్నాడు. తను క్రైస్తవుణ్ణని, తాగనని, చిన్న బాబు ఉన్నాడని చెప్పుకున్నాడు. "అండర్ ద బ్లేడ్" పాటలో కట్టేసి హింసించడం, అత్యాచారం ఉన్నాయని టిప్పర్ గోర్ ఆరోపణ. అది మా గిటారిస్టు గొంతు ఆపరేషన్ గురించి, ఆ భయం గురించి రాసింది, మీరన్నవన్నీ ఆవిడ ఆలోచనలోనే ఉన్నాయి అన్నాడు. భలే సమాధానం. అయినా నేను పూర్తిగా అతని పక్షం కాదు. ఆ పాటలో ఆసుపత్రి అన్న సంగతి వెంటనే తెలియదు, కత్తి, కట్టిపడేయడం ఇవే కనపడతాయి. రాసేవాళ్లు కావాలనే అటూ ఇటూ వచ్చేలా రాసి, తర్వాత వినేవాళ్లనే తప్పుపడితే ఎలా?

ఇదే ఊరి జూడాస్ ప్రీస్ట్ సంగతి ఇంకా బాధాకరం. పాటలో దాచిన మాట విని ఇద్దరు కుర్రాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారని అమెరికాలోని రీనోలో కేసు పెట్టారు. 1990లో జడ్జి ఆ శబ్దం యాదృచ్ఛికంగా వచ్చిందే గాని కావాలని పెట్టింది కాదని తేల్చారు. ఆ తల్లిదండ్రుల దుఃఖానికి మాత్రం ఏ తీర్పూ సరిపోదు.

విట్టన్‌లో దిగి నడుస్తున్నాం. అదిగో విల్లా పార్క్ స్టేడియం. 2025 జులై 5న ఓజీ ఇక్కడే సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని ఆఖరిసారి పాడాడు. కెమెరా కొంచెం ఇటు తిప్పు నాన్నా. ఆ సన్నటి శిఖరం ఆస్టన్ పారిష్ చర్చిది, స్టేడియానికి పక్కనే. వీళ్లు పెరిగిన పేట ఇదే. ఫ్యాక్టరీలు, పొగ, షిఫ్టులు. అయోమికి పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీ మెషిన్‌లో రెండు వేళ్ల చివర్లు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకుని మళ్లీ వాయించాడు. తర్వాత తీగల బిగువు తగ్గించుకున్నాడు, ఆ బరువైన మోత కొంత దాంతో వచ్చిందే.

చర్చి ఎదురుగా నిలబడి చదవాలని దాచిపెట్టిన కాగితం "ఆఫ్టర్ ఫరెవర్", 1971 నాటిది. ఇందులో పోప్‌ని ఉరితాడుకి వేలాడదీస్తే చూడాలనుందా అని అర్థం వచ్చే ముక్క ఒకటుంది. దాన్నే పట్టుకుని తిట్టారు. కానీ అది ప్రశ్న. నీ ఆత్మ సంగతి ఎప్పుడైనా ఆలోచించావా, క్రీస్తు ఉత్త పుస్తకంలో పేరేనా, స్నేహితులు నవ్వుతారని భయపడుతున్నావా అని వరసగా వేసే ప్రశ్నల్లో అదొకటి. నేను సత్యం చూశాను, మారాను అని కూడా అంటాడు. పైన పేర్లు తీసేసి ఇస్తే భక్తి పాట అనుకుంటారు.

అమెరికా బ్యాండ్ మెటాలికా పాటలు రెండు మిగిలాయి. 1986 నాటి "లెపర్ మెసయ్యా" టీవీలో డబ్బు పంపండి, దీవెన పొందండి అనే బోధకుల మీద. మన శతకాల్లో దొంగ భక్తిని కడిగేసిన పద్యం చదివి కవిని నాస్తికుడని ఎవరూ అనరు, ఇదీ అంతే. ఆ మరుసటి ఏడాదే జిమ్ బేకర్ అనే టీవీ బోధకుడి బాగోతం బయటపడింది. రెండోది 1991లో వచ్చిన "ద గాడ్ దట్ ఫెయిల్డ్". ఆ బ్యాండ్ గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ తల్లికి క్యాన్సర్. క్రిస్టియన్ సైన్స్ అనే మతశాఖ నమ్మకం ప్రకారం ప్రార్థనే మందు, వైద్యం చేయించుకోలేదు. ఆవిడ పోయేనాటికి వాడికి పదహారు. మావాడి వయసే. ఆ పాటలో దేవుణ్ణి తిడుతున్నాడా, నమ్మకాన్నా, అమ్మనా? నాకైతే మూడోదే గట్టిగా వినిపిస్తుంది, అది నేరుగా అనలేక మొదటి రెండింటినీ అంటున్నాడు. ఇది చదివాక మేమిద్దరం కాసేపు వేరే విషయాలు మాట్లాడుకున్నాం.

సంచిలో ఆఖరి కాగితం స్లేయర్‌ది, "ఏంజెల్ ఆఫ్ డెత్". నాజీల ఆష్విట్జ్ శిబిరంలో ఖైదీల మీద ప్రయోగాలు చేసిన డాక్టర్ మెంగెలే గురించి. అతను చేసిన ఘోరాలు ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోతుంది, అది తప్పని ఒక్కచోట కూడా ఆగి చెప్పదు. ఆ మనిషి దుర్మార్గుడని వేరే చెప్పాలా అన్నది రాసిన జెఫ్ హానెమన్ వాదన. మావాడిదీ అదే వాదన. "చెప్పక్కర్లేదమ్మా, వింటేనే ఒళ్లు గగుర్పొడుస్తుంది" అంటాడు. నాకు మనసొప్పడం లేదు. గగుర్పాటు కోసమే మళ్లీ మళ్లీ వినేవాళ్లు కూడా ఉంటారు కదా.

వినొద్దని అనలేదు. ఇంట్లో స్పీకర్‌లో మాత్రం వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకో అన్నాను. సరే అన్నాడు. ఉంటానండీ, ట్రైన్ టైమవుతోంది.