కూర్చుంటే నొప్పి ఎందుకు?

అందరికీ నమస్కారం. కూర్చున్న చోటే ఒక అరచేతిని పిరుదు కింద పెట్టి కాస్త ముందుకూ వెనక్కీ ఊగండి. గట్టిగా ఒక ఎముక తగులుతుంది. కటి ఎముకలో అట్టడుగు భాగం అది, ఇషియల్ ట్యుబరాసిటీ. నిటారుగా కూర్చున్నప్పుడు ఒంటి బరువులో ఎక్కువ భాగం ఇలాంటి రెండు ఎముకల మీదే పడుతుంది.

నిలబడినప్పుడు గ్లూటియస్ మాక్సిమస్ అనే పెద్ద పిరుదు కండరం దాన్ని కప్పి ఉంచుతుంది. కూర్చోగానే తుంటి వంగుతుంది, కండరం పైకి జరిగిపోతుంది. ఇక ఎముకకూ కుర్చీకీ మధ్య మిగిలేది చర్మం, కొంత కొవ్వు, బర్సా. పలుచటి గోడలున్న చిన్న సంచి ఇది. లోపల జారుడుగా ఉండే కొద్దిపాటి ద్రవం రాపిడిని తగ్గిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం స్కానింగ్‌లో కూడా సాధారణంగా కనిపించదు.

గట్టి బల్లల మీద గంటల తరబడి కూర్చుంటే అది వాచిపోతుంది. గోడలు మందమవుతాయి, ద్రవం ఎక్కువగా ఊరుతుంది. అదే బర్సైటిస్. పూర్వం వైద్యులు దీన్ని నేతపనివాళ్ల జబ్బుగా గుర్తించారు: గట్టి పలక మీద కూర్చుని, కాళ్లాడిస్తూ రోజంతా పనిచేసేవారు మరి. బాగా చిక్కిపోయినవాళ్లకు కొవ్వు తక్కువ కాబట్టి వచ్చే అవకాశం ఎక్కువ. పిరుదుల మీద పడి దెబ్బ తగిలినా రావచ్చు, గౌట్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి కీళ్ల జబ్బుల వల్ల కూడా రావచ్చు.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. పిరుదులో నొప్పి అనగానే చాలామంది సయాటికా, అంటే నడుము నుంచి కాలిలోకి వెళ్లే సయాటిక్ నరం నొప్పి అని తేల్చేసుకుని టెన్షన్ పడతారు. ఆ నరం ఈ ఎముక పక్కనుంచే వెళుతుంది, బర్సా నొప్పి కూడా తొడ వెనక్కి పాకుతుంది కాబట్టి పొరబడటం సహజమే. కానీ బర్సా నొప్పి ఉన్నవాళ్లు సాధారణంగా వేలు పెట్టి చోటు చూపించగలరు. కూర్చుంటే పెరుగుతుంది, లేస్తే తగ్గుతుంది. తిమ్మిరి, కాలిలో బలహీనత ఉంటే మాత్రం నరాన్ని అనుమానించాల్సిందే. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాలు కూడా ఈ ఎముకకే అతుక్కుని ఉంటాయి. వాటిని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి స్నాయువు దెబ్బతిన్నా నొప్పి ఇక్కడే. పరుగెత్తేవాళ్లలో ముందు దాన్నే చూడాలి. అందుకే కారణం తెలియకుండా ముందుకు వంగి బలంగా స్ట్రెచింగ్ చేయకండి, స్నాయువు ఎముకకు మరింత ఒత్తుకుంటుంది.

చికిత్సలో మొదటిది ఒత్తిడి తీసేయడం. నొప్పి ఉన్నచోట ఖాళీ వదిలిన మెత్తటి దిండు వాడండి, తరచూ లేచి నిలబడండి. ఐస్, డాక్టరు రాసిన వాపు మందులు, తర్వాత ఫిజియోథెరపీ. అప్పటికీ తగ్గకపోతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. అక్కడ ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు ఇంట్లో ఐస్ పెట్టుకుంటూ కూర్చోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.